ప్లాస్మానా, ఎల్‌సీడీనా: పడసాలలో తేలే లెక్క

గోడకు తగిలించే పలక టీవీల్లో జాతులు రెండే. ఒకదాంట్లో తెర మీది ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది. రెండోదాంట్లో చుక్కలకు సొంత వెలుగు లేదు. తెర వెనక దీపాలుంటాయి. ముందున్న చుక్కలు తలుపుల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ ఆ వెలుగును వదులుతుంటాయి, ఆపుతుంటాయి. ప్లాస్మాది మొదటి జాతి, ఎల్‌సీడీది రెండోది. అంగట్లో ‘ఎల్‌ఈడీ టీవీ’ అని అమ్మేది మూడో జాతి కాదు. అదీ ఎల్‌సీడీయే, వెనక ఉండే దీపాలు మాత్రం మారాయి.

ప్లాస్మా టీవీల తయారీ 2014తోనే దాదాపు ఆగిపోయింది. అయినా ఈ బేరం పాతబడలేదు. సొంత వెలుగు జాతి ఇప్పుడు ఓఎల్‌ఈడీ పేరుతో తిరిగొచ్చింది. ప్రొద్దుటూరు అంగట్లో 55 అంగుళాల ఎల్‌ఈడీ ముందు కాసేపు, పక్కనే నిగనిగలాడే ఓఎల్‌ఈడీ ముందు కాసేపు నిలబడి తేల్చుకోలేకపోయే కొడుకు, పదిహేనేళ్ళ కిందట వాళ్ళ నాయన ప్లాస్మాకూ ఎల్‌సీడీకీ మధ్య తడబడిన చోటే తడబడుతున్నాడు. అందుకే పాత లెక్క తెలిస్తే కొత్త లెక్క సులువు.

అంతకుముందు అందరిదీ డబ్బా టీవీయే. హైదరాబాదులో ఈసీఐఎల్ ‘ఈసీ’ పేరుతో తయారుచేసిన నలుపు తెలుపు పెట్టెల నుంచి, 1982 ఆసియా క్రీడలప్పుడు దేశానికి పరిచయమైన రంగుల పెట్టెల దాకా, అన్నింటి లోపలా ఉన్నది ఒకే రకం గాజు బుడ్డి, పిక్చర్ ట్యూబు. తెర పెద్దదయ్యే కొద్దీ బుడ్డి లోతూ, బరువూ పెరుగుతాయి. 29 అంగుళాల పెట్టెను ఒక్కడు ఎత్తి స్టాండు మీద పెట్టడం జరిగే పని కాదు. వోల్టేజీ తగ్గిందంటే బొమ్మ నాలుగు పక్కలా కుంచించుకుపోయి చుట్టూ నల్లటి అంచు మిగిలేది. ఈ బుడ్డిని తీసేసి తెరను పలకలా చేయడానికి రెండు దారులు దొరికాయి. ప్లాస్మా దారిలో జపాన్ కంపెనీ ఫుజిట్సు 42 అంగుళాల రంగుల తెరను 1990ల్లోనే బజారుకు తెచ్చింది. మన దగ్గర తొలిరోజుల్లో దాని ధర లక్షల్లో పలికింది. 2008లో ఐపీఎల్ మొదలైన దగ్గర్నుంచి 2011 ప్రపంచకప్ దాకా ధరలు దిగుతూ వచ్చిన ఆ మూడు నాలుగేళ్ళే మధ్యతరగతి ఇళ్ళలో ‘ప్లాస్మానా, ఎల్‌సీడీనా’ అన్న మాట గట్టిగా నడిచిన కాలం.

ప్లాస్మా ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఇంట్లో ట్యూబులైటును చూస్తే చాలు. ట్యూబులో పాదరసం ఆవిరి గుండా కరెంటు పారితే కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు పుడతాయి. లోపలి గోడకు పూసిన తెల్లటి పొడికి అవి తగలగానే పొడి వెలుగుతుంది. ప్లాస్మా తెర అంటే అలాంటి ట్యూబులైట్లను ఆవగింజ కన్నా చిన్నవి చేసి రెండు గాజు పలకల మధ్య వరసగా పేర్చడమే. పాదరసం బదులు నియాన్, జెనాన్ వాయువులుంటాయి. పొడి తెల్లది కాదు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు రకాలు. అలాంటి బుల్లి ట్యూబులైటు గదులు మూడు కలిస్తే ఒక చుక్క. 42 అంగుళాల ప్లాస్మాలు చాలావాటిలో అడ్డంగా 1024, నిలువునా 768 చుక్కలుండేవి. లెక్కగడితే 23 లక్షల 59 వేల పైచిలుకు బుల్లి ట్యూబులైట్లు! వాటిలో ఏది వెలగాలో, ఏది ఆరాలో సెకనుకు వందలసార్లు ఆదేశాలు అందుతుంటాయి. ఈ ఊహ టీవీ కోసం పుట్టింది కాదు. 1964లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో, రాబర్ట్ విల్సన్ అనే ముగ్గురు ‘ప్లేటో’ అనే కంప్యూటర్ బోధన పద్ధతికి తెర కావాలని దీన్ని కనిపెట్టారు. తొలి తెరలు నారింజ రంగులో మాత్రమే వెలిగేవి.

ఎల్‌సీడీ కథ ఇంకా పాతది. 1888లో ఫ్రెడ్రిక్ రైనిట్జర్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త ఒక పదార్థాన్ని కరిగిస్తే అది రెండుసార్లు కరిగినట్టు కనిపించింది. 145 డిగ్రీల దగ్గర మసకమసక ద్రవమైంది, 178 డిగ్రీలు దాటాక తేటపడింది. ఆ మసక స్థితే ద్రవ స్ఫటికం. నీళ్ళలా పారుతుంది, అయినా దాని అణువులు స్ఫటికంలో లాగా ఒక వరసకు కట్టుబడి ఉంటాయి. వెలుగుతో దానికున్న సంబంధం తెలియాలంటే కిటికీ చువ్వలను తలచుకోవాలి. నిలువు చువ్వల సందులోంచి ఒక తాడును పోనిచ్చి, పైకీ కిందికీ ఊపితే ఆ అల అవతలికి పోతుంది. పక్కలకు ఊపితే చువ్వలకు తగిలి ఆగిపోతుంది. వెలుగూ అంతే. ఎల్‌సీడీ తెరలో ఇలాంటి చువ్వల పొరలు రెండు, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. రెండింటి మధ్యా ద్రవ స్ఫటికం ఉంటుంది. తొలి రకాల్లో అది మెలితిరిగి ఉన్నప్పుడు నిలువు వెలుగును అడ్డంగా తిప్పి అవతలికి పంపిస్తుంది. కరెంటు తగిలితే మెలి విడిపోయి దారి మూసుకుపోతుంది. తర్వాతి రకాల్లో అణువులు కదిలే తీరు మారింది గానీ సూత్రం మారలేదు. పోలరైజ్డ్ రకం చలువ కళ్ళద్దాలు పెట్టుకుని టీవీ ముందు తలను పక్కకు వంచితే చాలు, ఒకచోట తెర నల్లబడుతుంది. కళ్ళద్దాలు మూడో చువ్వల పొర అయ్యాయన్నమాట.

ఇప్పుడు అసలు తేడా. వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది గనక ఎల్‌సీడీ తలుపులు ఎంత గట్టిగా మూసినా సందుల్లోంచి కొంత వెలుగు కారుతుంది. ఇది రాత్రిపూట లైట్లు ఆర్పి తెలుగు సినిమా పెడితే స్పష్టంగా కనిపిస్తుంది. మన సినిమాలు ఎక్కువగా స్కోపు కొలతల్లో తీసినవి. టీవీ తెర కన్నా వెడల్పైనవి గనక పైనా కిందా రెండు నల్ల పట్టీలు మిగులుతాయి. మామూలు ఎల్‌సీడీ మీద ఆ పట్టీలు నలుపు కాదు, బూడిదరంగు. గదిలో అదొక మసక చట్రంలా తేలిపోతుంది. మంచి ప్లాస్మాలో పట్టీలు చీకట్లో కలిసిపోయి, బొమ్మ ఒక్కటే గోడ మీద నిలబడేది. పయనీర్ కంపెనీ 2007లో తెచ్చిన తన ప్లాస్మాలకు ‘కురో’ అని పేరు పెట్టింది. జపాన్ భాషలో కురో అంటే నలుపు. బొమ్మ లోతంతా నలుపులోనే ఉందని వాళ్ళకు తెలుసు.

మరి ఇంత మంచి నలుపున్న టీవీ అంగట్లోనే ఎందుకు ఓడింది? అంగడి చీకటి గది కాదు గనక. తల మీద పదుల కొద్దీ లైట్లు, అద్దాల తలుపుల్లోంచి ఎండ. అంత వెలుతురులో బూడిద పట్టీలు ఎవరికీ కనిపించవు. కొట్టొచ్చినట్టు కనిపించేది తెల్లదనమే. తెల్లదనంలో ఎల్‌సీడీది పైచేయి. పక్కనే ఉన్న ప్లాస్మా గాజు తెరలో లైట్లన్నీ ప్రతిబింబించి, బొమ్మ డస్సిపోయినట్టుండేది. కొనేవాడు తెల్లగా మెరిసేదానికే మొగ్గుతాడు. అంగట్లో గెలిచేది ఒకటి, ఇంట్లో రాత్రి తొమ్మిదికి గెలిచేది ఇంకొకటి.

అయితే ఇల్లూ అందరిదీ ఒకటి కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఊళ్ళ ఇళ్ళ సంగతి వేరుగా చూడాలి. జమ్మలమడుగు, పులివెందుల వైపు పాత మిద్దెల్లో పడసాల నేరుగా వీధి వాకిలికి తెరుచుకుంటుంది. పగలంతా వాకిలి తీసే ఉంటుంది, మనుషులు వస్తూ పోతూ ఉంటారు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల తవ్వి తీసే కడప బండలే ఇంట్లో నేల. పాలిష్ పట్టిన బండ మీద పడిన ఎండ సగం తెర మీదికే ఎగుస్తుంది. మధ్యాహ్నం సీరియల్ వేళకు ఇలాంటి పడసాలలో ప్లాస్మా పెడితే కథానాయిక మొహంలో వాకిలీ, వాకిట్లో నిలబెట్టిన మోటారు సైకిలూ కనిపించడం ఖాయం. ఎల్‌సీడీల్లో చాలావాటికి తెర మీద మెరుపు లేని పూత ఉండేది. పగటిపూట చూసే ఇంటికి ఆ పూతే పెద్ద సుగుణం. కిటికీ తలుపులు మూసి రాత్రి మాత్రమే సినిమా చూసే ఇంటికి ప్లాస్మా తగినది. అలాంటి ఇళ్ళు ఈ మూడు ఊళ్ళలో లేకపోలేదు గానీ తక్కువ.

కూర్చునే తీరు లెక్క మాత్రం ప్లాస్మా వైపే మొగ్గింది. చుక్క తనంతట తానే వెలిగేది గనక పక్కనుంచి చూసినా, కింద నుంచి చూసినా బొమ్మ ఒకటే. ఎల్‌సీడీ సందుల్లోంచి వచ్చే వెలుగుకు ఒక దిక్కుంటుంది. ఎదురుగా చూస్తేనే రంగులు సరిగ్గా ఉంటాయి. సోఫాలో నలుగురు కూర్చునే పట్నపు కొలత ఇక్కడ చెల్లదు. క్రికెట్టు ఉందంటే ఇద్దరు మంచం మీద, నలుగురు బండల మీద, ఒకరు గడప మీద. చేనేత ఇంట్లోనైతే గుంత మగ్గంలో కూర్చున్న మనిషి కళ్ళు దాదాపు నేల మట్టంలో ఉంటాయి, టీవీ అటక ఎత్తున గోడకుంటుంది. తొలితరం చవక ఎల్‌సీడీలకు కింది చూపే అసలు పడేది కాదు. అక్కణ్ణుంచి చూస్తే నల్లని జుట్టు తెల్లబడి, మొహం ఫోటో నెగటివ్‌లా మారిపోయేది.

ఈ లోపాన్ని తగ్గించిన పనిలో మన దేశపు పాత్ర ఒకటుంది. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో శివరామకృష్ణ చంద్రశేఖర్ బృందం 1977లో బిళ్ళల్లాంటి అణువులున్న కొత్త రకం ద్రవ స్ఫటికాలను కనిపెట్టింది. తర్వాత జపాన్ కంపెనీ ఫుజి ఫిల్మ్ ఆ రకం అణువులతోనే పలచని పొర చేసి ఎల్‌సీడీ తెరలకు అతికించింది. చూపు కోణం పెరిగింది. ఈ చంద్రశేఖర్ సి.వి. రామన్‌కు మేనల్లుడే గానీ, నోబెల్ అందుకున్న నక్షత్రాల చంద్రశేఖర్ వేరు. ఇద్దరినీ కలిపేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ప్లాస్మాను తెలుగు ఇంట్లో నిజంగా ఇబ్బంది పెట్టినది వార్తల ఛానళ్ళు. ఒకే బొమ్మ ఒకేచోట గంటల తరబడి నిలిస్తే అక్కడి పొడి ఎక్కువ అరిగి, ఛానల్ మార్చినా దాని నీడ తెర మీద ఉండిపోతుంది. 2004లో టీవీ9 వచ్చాక 24 గంటల తెలుగు వార్తల ఛానళ్ళు వరసకట్టాయి. అన్నింటికీ మూలన కదలని గుర్తు, అడుగున ఎర్రటి పట్టీ. పులివెందుల లాంటి చోట ఓట్ల లెక్కింపు రోజున టీవీ పొద్దున ఎనిమిదికి పెడితే అర్ధరాత్రి దాకా ఆరదు. తెర మీద అంకెల పెట్టెలు కూడా కదలవు. కొత్త ప్లాస్మాకు మొదటి రెండు వందల గంటల్లో ఇలాంటి రోజొకటి ఎదురైతే మచ్చ పడే భయం ఎక్కువ. పాత నాలుగు బై మూడు కొలత కార్యక్రమాలు చూసినా ఇదే గొడవ. పక్కల మిగిలిన నల్ల పట్టీల దగ్గర గీత పడుతుందని భయపడి జనం బొమ్మను అడ్డంగా సాగదీసేవాళ్ళు. అందుకే ఆ రోజుల్లో పెద్ద టీవీల్లో అందరి మొహాలూ గుమ్మడికాయలే.

క్రికెట్టుకు మాత్రం ప్లాస్మాయే సరి. అందులో చుక్క వెలిగి ఆరడం రెప్పపాటు కూడా పట్టని పని. ద్రవ స్ఫటికం మెల్లగా తిరుగుతుంది గనక తొలి ఎల్‌సీడీల్లో బంతి వెనక తోక కనిపించేది. తర్వాత 100, 120 హెర్ట్జ్ తెరలతో ఆ తోక చాలా వరకు పోయింది.

కొన్నాక ఇంటికి తెచ్చి పెడితే పాత డబ్బా టీవీలోనే బొమ్మ బాగుందన్న ఫిర్యాదు కూడా అప్పట్లో మామూలు. తప్పు తెరది కాదు. ఊళ్ళలో అనలాగ్ కేబుల్ ఆగాల్సిన ఆఖరి గడువు 2017 మార్చి 31. అప్పటిదాకా చిన్న ఊళ్ళకు ఎక్కువగా అందింది నిలువునా 576 గీతల బొమ్మ, అదీ స్తంభం నుంచి స్తంభానికి పాకుతూ అరిగి వచ్చేది. చిన్న బుడ్డి తెర ఆ లోపాలను కప్పిపెట్టేది. 20 లక్షల 73 వేల చుక్కల ఫుల్ హెచ్‌డీ ఎల్‌సీడీ ప్రతి మచ్చనూ పెద్దది చేసి చూపించేది. చుక్కలు తక్కువున్న ప్లాస్మా ఈ విషయంలో కాస్త దయగా ఉండేది.

చివరికి బేరం తేలింది కరెంటు దగ్గర. 42 అంగుళాల ప్లాస్మా బొమ్మను బట్టి 200 నుంచి 300 వాట్ల దాకా లాగేది. చీకటి సన్నివేశానికి తక్కువ, ఎండలో పచ్చటి మైదానానికి ఎక్కువ. సగటున 250 వాట్లనుకుని రోజుకు ఆరు గంటలు చూస్తే నెలకు 45 యూనిట్లు. ఇప్పటి 43 అంగుళాల ఎల్‌ఈడీ 70 వాట్లనుకుంటే అదే వాడకానికి 13 యూనిట్లు దాటదు. మన బిల్లు శ్లాబుల లెక్కలో నడుస్తుంది గనక ఆ 32 యూనిట్ల తేడా ఒక్కోసారి పై మెట్టు ధరలో పడుతుంది. పైగా టీవీ తాగిన కరెంటంతా గదిలో వేడిగానే తేలుతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు వంద వాట్ల వేడి వస్తుంది. అంటే బయట 43 డిగ్రీలు కాసే మే నెలలో ప్లాస్మా పెట్టడం, పడసాలలోకి మరో ఇద్దరు ముగ్గురు చుట్టాలను పిలిచి కూర్చోబెట్టడమే!

జమ్మలమడుగుకూ పులివెందులకూ మధ్యలో ముద్దనూరు దగ్గర 1994 నుంచి రాయలసీమ థర్మల్ కేంద్రం నడుస్తోంది. అయినా 2012, 2013 నాటి కోతలు ఆ పొగగొట్టాలు కనిపించే ఊళ్ళనూ వదల్లేదు. ప్లాస్మా ధరలు ఇంకా కిందికి దిగిన రోజులూ అవే. కోత వేళ టీవీ ఇన్వర్టర్ మీద నడవాలి. 12 వోల్టుల 150 ఆంపియర్ గంటల బ్యాటరీ నిండా ఉంటే నిల్వ 1.8 యూనిట్లు, నష్టాలు పోగా చేతికొచ్చేది అంతకన్నా తక్కువే. 300 వాట్ల ప్లాస్మా, రెండు ఫ్యాన్లు కలిపి పెడితే ఐపీఎల్ మ్యాచ్ రెండో ఇన్నింగ్స్ సగంలోనే బ్యాటరీ చేతులెత్తేస్తుంది. 32 అంగుళాల ఎల్‌ఈడీకి కావలసింది 40, 50 వాట్లే. ఈ మూడు ఊళ్ళ ఇళ్ళకు ఎల్‌సీడీ సరిపోయింది బొమ్మ గొప్పదై కాదు, ఎండకూ కోతకూ తట్టుకుంది గనక.

బరువు సంగతీ ఉంది. ప్లాస్మా పాతిక ముప్పై కిలోలుండేది. రాయీ మట్టీ కలిపి కట్టిన పాత గోడకు మేకులు దిగినా పట్టు నిలవదు. ప్రొద్దుటూరులో కొని ఆటోలో పడుకోబెట్టి తీసుకుపోతే దారి గుంతలకు గాజు పలక పగిలే ప్రమాదం. దాన్ని నిలబెట్టే మోయాలి. పైగా ఇంటి ప్లాస్మా 32 అంగుళాల లోపు దొరికేదే కాదు, ఎక్కువగా 42 పైమాటే. ఎల్‌సీడీ అంతకన్నా చిన్న సైజుల్లోనూ దొరికేది. పది పన్నెండు అడుగుల గదికి 32 అంగుళాల ఎల్‌సీడీ చాలనుకున్నవాళ్ళే ఎక్కువమంది.

ప్రపంచమంతా ఇదే కథ, కారణాలు కాస్త వేరు. ఎల్‌సీడీ కర్మాగారాలు కంప్యూటర్లకూ ఫోన్లకూ కూడా తెరలు చేసేవి గనక ఖర్చు ఏటికేడు తగ్గింది. ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలుండే 4కె వచ్చేసరికి ప్లాస్మా గదులను ఇంకా చిన్నవి చేయాల్సి వచ్చింది. గది చిన్నదైతే వెలుగు తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది. పయనీర్ 2009లోనే తప్పుకుంది. పానాసోనిక్ 2013 డిసెంబరులో తయారీ ఆపేసింది. శామ్‌సంగ్, ఎల్‌జీ 2014 చివరికి మూసేశాయి.

ఇక ఇప్పటి అంగడి. అట్టపెట్టెల మీద పేర్లు ఎన్నున్నా వెనక దీపం వాటిని ఒక తాటికి తెస్తుంది. పాత ఎల్‌సీడీలో వెనక సన్నటి ట్యూబులైట్లుండేవి. ఇప్పుడు ఎల్‌ఈడీ బల్బులు. తెల్ల ఎల్‌ఈడీకి మూలమైన నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014 భౌతిక నోబెల్ వచ్చింది. క్యూఎల్‌ఈడీ అంటే ఆ దీపానికీ తెరకూ మధ్య రంగులను శుభ్రపరిచే సన్నటి రేణువుల పొర. మినీ ఎల్‌ఈడీ అంటే వెనక బల్బులను వందలు, వేల సంఖ్యలో పెట్టి, బొమ్మలో చీకటిగా ఉన్న చోట వాటిని విడిగా ఆర్పడం. ఎల్‌సీడీ ప్లాస్మా నలుపును అందుకోవడానికి చేసిన ప్రయత్నం అన్నమాట. చాలావరకు అందుకుంది కూడా. నల్లటి ఆకాశంలో చందమామ చుట్టూ పలచటి గుడి కట్టడం ఒక్కటే మిగిలింది. తెరలో ఐపీఎస్, వీఏ అని రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. ఐపీఎస్ పక్కనుంచి చూసినా రంగు తగ్గదు, నలుపు తక్కువ. వీఏ నలుపు బాగుంటుంది, పక్కకు జరిగితే వెలిసిపోతుంది. పడసాల నిండా మనుషులుండే ఇంటికి ఐపీఎస్, ఎదురుగా ఇద్దరే కూర్చునే గదికి వీఏ.

ఓఎల్‌ఈడీ ప్లాస్మాకు అసలైన వారసురాలు. వాయువు బదులు కరెంటు తగిలితే వెలిగే సేంద్రియ పొర. చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ కొడాక్ ప్రయోగశాలలో చేసి 1987లో ప్రకటించిన ఆవిష్కరణ ఇది. నలుపు, చూపు కోణం, వేగం మూడూ ప్లాస్మా గుణాలే, బరువూ లోతూ పోయాయి. ప్లాస్మా జాతి దోషమూ వెంట వచ్చింది: వార్తల ఛానల్ గుర్తు దీనికీ పడదు. గుర్తులను అటూ ఇటూ జరపడం, రాత్రిపూట తెర తనను తాను సరిదిద్దుకోవడం లాంటి ఏర్పాట్లున్నాయి గానీ, రోజుకు పది గంటలు ఒకే వార్తల ఛానల్ నడిచే ఇంటికి ఇది తగదు. వాకిలి ఎండ పడే పడసాలకూ మినీ ఎల్‌ఈడీయే మేలు.

సైజు దగ్గర జనం ఎక్కువగా మోసపోయేది 4కె అన్న మాటకు. మామూలు కంటికి 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర చుక్కలు ఐదున్నర అడుగుల దూరం దాటితే విడివిడిగా కనిపించవు. మంచం ఎనిమిది అడుగుల దూరంలో ఉంటే ఆ సైజులో 4కె కోసం పెట్టిన డబ్బు కంటికి చేరదు. 55 అంగుళాలదైనా ఇంకా దగ్గరగా కూర్చుంటేనే కొంత చేరుతుంది.

అంగట్లో చూసేటప్పుడు మూడు పనులు చేస్తే చాలు. కంపెనీ వేసి ఉంచిన పూలు, జలపాతాల వీడియో తీయించి, ఇంట్లో చూసే ఛానలే పెట్టించుకోవాలి. బొమ్మ అమరికను ‘వివిడ్’ నుంచి మామూలుకు మార్పించాలి. ఆ తర్వాత ఎదురుగా కాక, ఇంట్లో కూర్చునే ఎత్తుకు వంగి, పక్కకు జరిగి చూడాలి. నలుగురి మధ్యలో కిందికి వంగి టీవీ చూడడానికి మొహమాటపడేవాళ్ళు ఇంటికెళ్ళాక ఐదారేళ్ళు అలాగే చూడాల్సి ఉంటుంది.

ధరలో పన్ను భాగం మారింది. 32 అంగుళాల దాకా టీవీలపై జీఎస్టీ 2019 జనవరి నుంచి 18 శాతం. అంతకన్నా పెద్దవాటిపై 28 ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి అవీ 18లోకి వచ్చాయి. టీవీల కూర్పు ఇప్పుడు దగ్గర్లోనే జరుగుతోంది. తిరుపతిలో డిక్సన్ కంపెనీ రకరకాల బ్రాండ్ల పేర్లతో ఎల్‌ఈడీ టీవీలు తయారుచేస్తోంది. తెర పలక మాత్రం ఎక్కువగా విదేశాల నుంచే రావాలి.

మరమ్మతు మాట కొనేముందే ఆలోచించాలి. ఎల్‌ఈడీ టీవీలో మాట వినిపిస్తూ బొమ్మ కనిపించకపోతే భయపడనక్కర్లేదు. గదిలో లైటు ఆర్పి ఫోన్ టార్చిని తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టాలి. లోపల బొమ్మ మసకగా కదులుతుంటే తెర బాగానే ఉంది, వెనక బల్బుల పట్టీ పోయింది. పట్టీ మార్చడం ఊళ్ళో మెకానిక్కు చేసే పనే. తెర పగిలినా, నిలువు గీతలు పడినా కథ వేరు. పలక ధర కొత్త టీవీ ధరకు దగ్గరగా ఉంటుంది. ఇప్పటి టీవీలు తక్కువ వోల్టేజీని తట్టుకుంటాయి గానీ పిడుగును తట్టుకోలేవు. ఉరిమినప్పుడు ప్లగ్గుతో పాటు డిష్ తీగ కూడా పీకాలి. చాలామంది ప్లగ్గు ఒక్కటే పీకి ఊరుకుంటారు.

పాత ప్లాస్మా ఇంకా పనిచేస్తుంటే రాత్రి సినిమాకు వాడుకోవడంలో నష్టమేమీ లేదు, బోర్డు పోతే మాత్రం విడిభాగం దొరకడం కష్టం. ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా కొనకపోవడమే మంచిది. పారేసేటప్పుడు పాత సామాన్లవాడికి కిలోల లెక్కన అమ్మకూడదు. పాత ప్లాస్మాల్లో చాలావాటి గాజులో సీసం ఉంటుంది, ట్యూబు దీపాల పాత ఎల్‌సీడీల్లో పాదరసం ఉంటుంది. రాగి కోసం వాటిని బండ మీద పగలగొడితే అవి ఊపిరిలోకీ మట్టిలోకీ పోతాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత సరుకును రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారీ కంపెనీలది. కొత్త టీవీ కొనేచోట ఎక్స్ఛేంజ్ కింద పాతదాన్ని ఇచ్చేసి, బిల్లు మీద ఆ సంగతి రాయించుకోవచ్చు.